పుస్తకాలు 37 ఉన్నాయి, కోపం మాత్రం తగ్గలేదు

ప్రశ్న: పెద్దలకు వందనాలు. నేను ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. బాప్తిస్మం తీసుకుని ఆరేళ్లయింది. ఆత్మీయంగా ఎదగాలన్న ఆశతో ఏ మీటింగులకి వెళ్లినా పుస్తకాలు కొంటాను. మొన్న బీరువా సర్దుతూ లెక్కపెడితే 37 ఉన్నాయి. చివరిదాకా చదివినవి నాలుగైదే. ఒకటి తెల్లవారుజామున నాలుగింటికే లేచి ప్రార్థించాలంటుంది, ఇంకొకటి వారానికో ఉపవాసం అంటుంది, మరొకటి రోజూ ముగ్గురికి సువార్త చెప్పాలంటుంది. అన్నీ మొదలుపెట్టి, ఏదీ నిలుపుకోలేక ఒకటే టెన్షన్. మొన్న పిల్లల మీద అరుస్తుంటే మా వారు "ఇన్ని పుస్తకాలు చదివావు, కోపం మాత్రం తగ్గలేదు" అన్నారు. ఆ రాత్రంతా ఏడ్చాను. మా అత్తగారు ఐదో తరగతి వరకే చదువుకున్నారు. బైబిలు, అట్ట ఊడిపోయిన పాత 'యాత్రికుని ప్రయాణము', ఈ రెండే భూతద్దం పెట్టుకుని చదువుతారు. ఆవిడకున్న నెమ్మది నాకు లేదు. మా పాస్టరుగారేమో బైబిలు తప్ప ఇంకే పుస్తకమూ వద్దంటారు. శిష్యత్వంలో ఎదగాలంటే ఏ పుస్తకాలు, ఏ వరసలో చదవాలో చెప్పండి.
– ఒక సోదరి, గుంటూరు జిల్లా

సమాధానం: సోదరీ, వందనాలు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి మీ అత్తగారి భూతద్దం దగ్గర ఆగిపోయాను. మీరడిగినదానికి సగం జవాబు మీ ఇంట్లోనే, ఆవిడ దిండు పక్కనే ఉంది. మిగతా సగం నాకు తెలిసినంతలో చెబుతాను.

ముందు మీ వారి మాట సంగతి. అది మిమ్మల్ని బాగా గుచ్చిందని తెలుస్తోంది. పిల్లల ఎదుట అలా అనకుండా ఉండాల్సింది. ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు ఆ సంగతి నెమ్మదిగా చెప్పండి. కానీ ఆ మాటలో మీకు ఒక మేలు కూడా ఉంది. చదివేదానికీ బతికేదానికీ మధ్య ఎడం ఉందని మనకి ఎవరో ఒకరు చెప్పాలి. బయటివాళ్లు చెప్పరు. సంఘంలో "సిస్టర్ బాగా చదువుతారు" అని ఊరుకుంటారు.

నాకూ ఇది జరిగింది. ముప్ఫై ఏళ్ల కిందట ఓర్పు గురించిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి ముందేసుకుని, ఎర్ర పెన్సిలుతో గీతలు గీసుకుంటూ కూర్చున్నాను. మా అబ్బాయి లెక్క రావట్లేదని నోటుపుస్తకం పట్టుకుని మూడోసారి వచ్చాడు. కసిరి పంపేశాను. వాడు గుమ్మం దాటాక మళ్లీ పుస్తకంలోకి చూస్తే, ఓర్పు అన్న మాట కింద నా గీత సగంలో ఆగి ఉంది. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. గీత ఇంకా సగమే ఉంది, పూర్తి చేయబుద్ధి కాలేదు.

శిష్యత్వం అన్నది మనం ప్రసంగాల్లో, పుస్తకాల్లో వాడే మాట. మన ఊళ్లలో అసలు మాట శిష్యరికం. ఫలానా విద్వాంసుడి దగ్గర శిష్యరికం చేశాడంటే ఆయన రాసినవన్నీ చదివాడని ఎవరమూ అనుకోం. ఆయన ఇంట్లో ఉన్నాడు, నీళ్లు తోడాడు, తీగ మీద ఆయన వేలు ఎలా పడుతుందో చూశాడు, తప్పు వాయించి తిట్లు తిన్నాడు, అలా కొన్నేళ్లకి విద్య చేతికొచ్చింది అనుకుంటాం. మార్కు సువార్త 3వ అధ్యాయం 14వ వచనం తీయండి. యేసు పన్నెండుమందిని ఎందుకు నియమించాడో అక్కడుంది. వాళ్లు "తనతో కూడ ఉండునట్లు" అన్నది మొదటి మాట. సువార్త ప్రకటించడం, దయ్యాలను వెళ్లగొట్టడం దాని తర్వాత వచ్చాయి. జర్మనీ పాస్టరు డీట్రిక్ బోన్‌హోఫర్ 1937లో శిష్యత్వం మీద రాసిన పుస్తకానికి జర్మన్‌లో ఒక్క మాటే పేరుగా పెట్టాడు. దాని అర్థం 'వెంబడించడం'.

మీ బీరువాలోని పుస్తకాల్లో చెడ్డ సలహాలే ఉన్నాయని నేననను. కానీ 37 మంది దగ్గర ఒకేసారి శిష్యరికం చేయడం ఎవరి తరమూ కాదు.

ఇప్పుడు మీ అత్తగారి పుస్తకం తెరవండి. యాత్రికుడు ఇరుకు ద్వారం దాటాక, సంగతులకు అర్థం విప్పి చెప్పే ఒక పెద్దమనిషి ఇంటికి వస్తాడు. ఆయన అతన్ని ఒక పెద్ద గదిలోకి తీసుకెళ్తాడు. ఆ గదిని ఎన్నడూ ఊడవలేదు, నిండా దుమ్ము. ఆయన ఒకణ్ణి పిలిచి ఊడవమంటాడు. వాడు చీపురు వేసేసరికి దుమ్ము గుప్పున లేచి యాత్రికుడికి ఊపిరాడదు. అప్పుడాయన పక్కనున్న అమ్మాయిని నీళ్లు తెచ్చి చిలకరించమంటాడు. ఆ తర్వాత ఊడిస్తే గది హాయిగా శుభ్రపడుతుంది. అర్థం కూడా ఆయనే చెబుతాడు. గది మనిషి హృదయం. దుమ్ము పుట్టుకతో వచ్చిన పాపం. ముందు చీపురు పట్టినవాడు ధర్మశాస్త్రం. నీళ్లు చిలకరించిన అమ్మాయి సువార్త.

మట్టి ఇంట్లో కాపురం చేసిన ఆడవాళ్లకి ఈ బొమ్మని ఎవరూ వివరించనక్కర్లేదు. ఎండాకాలం పొడి వాకిట్లో నీళ్లు చల్లకుండా చీపురు వేస్తే ఏమవుతుందో మీ అత్తగారికి తెలుసు. మీరు ఆరేళ్లుగా పొడి వాకిలి ఊడుస్తున్నారు సోదరీ. నాలుగింటికి లేవాలి, ఉపవాసం ఉండాలి, రోజూ ముగ్గురికి చెప్పాలి. పుస్తకానికో చీపురు. లేచిన దుమ్ము మీ కళ్లలోనే పడింది. దేవుడు మిమ్మల్ని ఇప్పటికే క్షమించాడు, బిడ్డగా చేర్చుకున్నాడు, మీరు కసురుకున్న ఆ సాయంత్రం కూడా మీ వైపు ముఖం తిప్పుకోలేదు. ఈ మాట దగ్గర మీరు తీరుబడిగా కూర్చున్నట్టు ఉత్తరంలో ఎక్కడా కనబడలేదు. ఇక మీదట ఏ పుస్తకం చేతిలోకి తీసుకున్నా చూసుకోండి, అది చీపురొక్కటే ఇస్తోందా, నీళ్లు కూడా ఇస్తోందా అని.

ఈ కథ రాసిన జాన్ బన్యన్ పెద్ద చదువులు చదవలేదు. ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్ చుట్టుపక్కల కుండలకీ గిన్నెలకీ మాట్లు వేసుకుని బతికినవాడు. అనుమతి లేకుండా బోధిస్తున్నాడని 1660లో పట్టుకుని జైల్లో వేస్తే దాదాపు 12 ఏళ్లు అందులోనే ఉన్నాడు. ఇక బోధించనని ఒక్క మాట ఇస్తే వదిలేసేవాళ్లు, ఆయన ఇవ్వలేదు. ఇంటి దగ్గర భార్య, నలుగురు పిల్లలు. వాళ్లలో మేరీ అనే అమ్మాయికి పుట్టుకతోనే చూపు లేదు. జైల్లో కూర్చుని లేసులు తయారుచేసి, అవి అమ్మగా వచ్చిన డబ్బుతో ఇంటికి ఆసరా అయ్యాడు. పుస్తకం 1678లో అచ్చయింది. నిరాశ అనే ఊబి గురించీ, అనుమానపు కోట గురించీ రాసినవాడు వాటిలో దిగబడి లేచినవాడే. అందుకే ఐదో తరగతి చదివిన ఆవిడకీ అది ఇంతగా అందుతోంది.

చాలామంది మొదటి భాగంతో ఆపేస్తారు. రెండో భాగం 1684లో వచ్చింది. మొదటి భాగంలో యాత్రికుడు చెవులు మూసుకుని, భార్యాబిడ్డలు పిలుస్తున్నా వినకుండా ఒంటరిగా పరుగెత్తుతాడు. రెండో భాగంలో ఆ భార్యే నలుగురు కొడుకుల్ని, పొరుగమ్మాయిని వెంటబెట్టుకుని బయలుదేరుతుంది. దారి తెలిసిన వీరుడొకడు వాళ్లకి తోడొస్తాడు. నడుమ చంకకర్రల మీద నడిచే కుంటివాడొకడు, మనోబలం లేనివాడొకడు వచ్చి కలుస్తారు. వాళ్లని వెనక వదిలేయకుండా అందరూ కలిసి నడుస్తారు. పిల్లలతో, ఉద్యోగంతో ఉక్కిరిబిక్కిరయ్యే తల్లికి మొదటి భాగం కంటే ఇదే దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం. మీ అత్తగారి ప్రతిలో అది ఉందో లేదో చూడండి. లేకపోతే వెతికి కొనండి, 38వ పుస్తకమైనా పరవాలేదు.

పాస్టరుగారి విషయం. ఆయన్ని నేను తప్పుపట్టను. మీటింగుల దగ్గర బల్లల మీద పరిచేవాటిలో అన్ని రకాలూ ఉంటాయి. ఫలానా ప్రార్థన చేస్తే అప్పులు తీరిపోతాయనేవి, పరలోకం చూసొచ్చామనేవి, ఇంత కానుక ఇవ్వకపోతే శాపం తగులుతుందని భయపెట్టేవి. మంద మీద ప్రేమ ఉన్న కాపరి కంచె గట్టిగానే వేస్తాడు. అయితే పౌలు చివరి రోజుల్లో చెరలో ఉండి, చలికాలం రాకముందే రమ్మని తిమోతికి రాస్తూ ఏమేం తెమ్మన్నాడు? త్రోయలో వదిలొచ్చిన అంగీ, పుస్తకాలు, ముఖ్యంగా చర్మపు కాగితాలు. మనం ఆదివారం పాడుకునే పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు కూడా బైబిల్లో లేవు. వాక్యంలో నానిన ఒక మనిషి గుండెలోంచి వచ్చాయి, మన గుండెకి తగిలాయి.

ఐతియొపీయుల మంత్రి రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుకుంటుంటే ఫిలిప్పు పరుగెత్తుకెళ్లి "నీవు చదువునది గ్రహించుచున్నావా?" అని అడిగాడు. ఎవరూ త్రోవ చూపకపోతే ఎలా గ్రహిస్తానన్నాడు ఆయన. మంచి పుస్తకం ఆ ఫిలిప్పు లాంటిది. రథమెక్కి పక్కన కూర్చుంటుంది, మన చేతిలో తెరిచి ఉన్న లేఖనం నుంచే మొదలుపెడుతుంది, యేసు దగ్గరికి చేరుస్తుంది, పనయ్యాక తప్పుకుంటుంది. ఫిలిప్పు తర్వాత ఆయనకి కనబడలేదు, ఆయన సంతోషిస్తూ తన దారిన వెళ్లాడు. రథం దిగనంటూ తన మాటలే పట్టుకోమనే రచయిత ఎదురైతే మీ పాస్టరుగారు చెప్పినట్టే చేయండి, పక్కన పెట్టేయండి. ఆయనతో వాదన పెట్టుకోకండి. చదవబోయే పుస్తకం తీసుకెళ్లి "అయ్యగారూ, ముందు మీరు చూసి చెప్పండి" అనండి.

ఇక వరస.

మొదటి నెల ఏ పుస్తకమూ వద్దు. మార్కు సువార్త, 16 అధ్యాయాలే. ఒక ఆదివారం మధ్యాహ్నం ఏకబిగిన పైకి చదవండి, గంటన్నరలో అయిపోతుంది. పిల్లలు విన్నంతసేపు విననివ్వండి. ఆ తర్వాత నెలంతా రోజుకి కాస్త. శిష్యుల్ని గమనించండి. రొట్టెలు పంచిన చేతులతోనే పడవలో రొట్టె లేదని దిగులుపడ్డారు. ఆయన సిలువ గురించి చెబుతుంటే తమలో ఎవడు గొప్ప అని దారి పొడుగునా వాదించుకున్నారు. చివరికి అందరూ వదిలి పారిపోయారు. అయినా సమాధి దగ్గర తెల్లని బట్టల పడుచువాడు స్త్రీలతో ఏం చెప్పి పంపాడో 16వ అధ్యాయం 7వ వచనంలో చూడండి. శిష్యులతో చెప్పమని ఊరుకోలేదు, పేతురు పేరు విడిగా చెప్పాడు. యేసు ఎవరో తెలియదని మూడుసార్లు బొంకినవాడి పేరు. నేను ఇక్కడికొచ్చినప్పుడల్లా కాసేపు చదవలేను.

రెండో నెల నుంచి 'యాత్రికుని ప్రయాణము'. మీ అత్తగారితో కలిసి. ఆవిడకి భూతద్దం శ్రమ తప్పుతుంది, మీకు ఒక తోడు దొరుకుతుంది. రాత్రి భోజనాలయ్యాక ఇరవై నిమిషాలు, నాలుగు పేజీలు దాటకుండా మీరు పైకి చదవండి. వీలైతే సంఘంలోంచి ఇంకొక సోదరిని వారానికోసారి పిలవండి. చదివాక ఒకే ప్రశ్న: ఇందులో మనకి తగిలిన మాట ఏది, రేపు ఇంట్లో దాన్ని ఎక్కడ చేస్తాం? ఒక మాట తగిలితే అక్కడే ఆగిపోండి, పేజీలు మిగిలినా ఫరవాలేదు. ఆ మాట ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాయండి. ఆరు నెలలు పట్టనివ్వండి. టీచరు కాబట్టి మీకు మార్కులు వేసే అలవాటు ఉంటుంది, ఈ నోటుబుక్కులో మీకు మీరు మార్కులు వేసుకోవద్దు.

మూడోది చిన్న పుస్తకం, నాలుగు సంభాషణలు, కొన్ని ఉత్తరాలు, అంతే. బ్రదర్ లారెన్స్ దేవుని సన్నిధి గురించి చెప్పినవీ రాసినవీ, 1691లో ఆయన చనిపోయాక మరొకరు కూర్చారు. ముందు సైనికుడు, కాలికి దెబ్బ తగిలి కుంటివాడయ్యాడు. పారిస్‌లో కార్మెలైట్ సన్యాసుల మఠంలో చేరితే వంటింట్లో వేశారు. ఆ పని ఆయనకి బొత్తిగా ఇష్టం లేదు. అయినా ఏళ్ల తరబడి అక్కడే గిన్నెల చప్పుడు మధ్య, నలుగురు నాలుగు వైపుల నుంచి పిలుస్తుంటే, మోకాళ్ల మీద ఉన్నప్పటి నెమ్మదితోనే దేవునితో ఉండటం నేర్చుకున్నాడు. మీకు ప్రత్యేకంగా ఈ పుస్తకం చెప్పడానికి ఒక కారణం ఉంది. తప్పు చేసినప్పుడు ఆయన గంటల తరబడి కుమిలిపోయేవాడు కాదు. ప్రభువా, నన్ను నాకే వదిలేస్తే నేను ఇలాగే చేస్తాను, నువ్వే పట్టుకోవాలి అని ఒప్పుకుని, మళ్లీ పనిలోకి వెళ్లిపోయేవాడు. పిల్లల మీద అరిచిన రాత్రి మీరు తెల్లారేదాకా ఏడ్చారు. ఈసారి అలా జరిగితే ఆయనలా ఒప్పుకుని, నేరుగా పిల్లల దగ్గరికి వెళ్లి "అమ్మ తప్పు చేసింది నాన్నా, సారీ" అనండి. ఆ తర్వాత పడుకోండి.

నిద్ర మాట కూడా చెప్పాలి. స్కూలు, వంట, దిద్దాల్సిన పేపర్లు, పైగా నాలుగింటికి లేవడం. రాత్రి పదకొండుకి పడుకునేవాళ్లు నాలుగింటికి లేస్తే సాయంత్రానికి ఎవరికైనా చిరాకొస్తుంది. ఏలీయా బదరీవృక్షం కింద చావు కోరుకున్నప్పుడు దేవుడు ముందు అతన్ని పడుకోనిచ్చాడు, రొట్టె పెట్టించాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. మాట్లాడింది తర్వాత, హోరేబులో. మీరు ఆరింటికి లేచి పావుగంట ప్రశాంతంగా కూర్చుంటే చాలు. నాలుగింటికి లేవమన్న ఆ పుస్తకం రాసినాయన ఇంట్లో వంట ఎవరు చేశారో మనకి తెలియదు.

రెండో ఏడు మొదలయ్యాక బోన్‌హోఫర్. నీళ్లు చల్లాలి అన్నాను కదా, ఆ మాటని సాకు చేసుకుని ఊడవడమే మానేసే ప్రమాదం ఉంది. దానికి ఆయన పుస్తకం మందు. మారుమనస్సు లేని క్షమాపణని, సిలువ లేని కృపని ఆయన చౌక కృప అన్నాడు. దేవుడు తన కుమారుణ్ణి ఇచ్చి కొన్నది మనకి చౌకగా ఉండకూడదన్నాడు. హిట్లరు కాలంలో ఆ మాట రాసి, దానికి తగ్గట్టే నడిచి, 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బర్గ్ నిర్బంధ శిబిరంలో ఉరికంబమెక్కాడు. ఆ పుస్తకం కష్టంగా అనిపిస్తే, విశ్వాసులు కలిసి బతకడం గురించి 1939లో వచ్చిన ఆయన చిన్న పుస్తకం ముందు చదవండి. తాను నడిపిన బైబిలు కళాశాలని హిట్లరు రహస్య పోలీసులైన గెస్టపో మూసేశాక, అక్కడి అనుభవంతో రాసింది. ఒంటరిగా ఉండలేనివాడు సహవాసం విషయంలో జాగ్రత్తపడాలి, సహవాసంలో లేనివాడు ఒంటరితనం విషయంలో జాగ్రత్తపడాలి అంటాడు అందులో. మీరు ఆరేళ్లుగా ఒంటరిగా చదువుతున్నారు.

అనుదిన ధ్యానాల పుస్తకాల గురించి ఒక్క మాట. మన ఇళ్లలో 'ఎడారిలో సెలయేర్లు' చాలా చోట్ల కనబడుతుంది. లెట్టీ కౌమన్ గుండెజబ్బుతో మంచం పట్టిన భర్తకి ఏళ్ల తరబడి సేవ చేస్తూ, తనకి ఓదార్పునిచ్చిన మాటల్ని కూర్చుకున్న పుస్తకం అది. ఆయన 1924లో పోయారు, పుస్తకం 1925లో వచ్చింది. శ్రమలో ఉన్నవాళ్లకి చల్లగా ఉంటుంది. కానీ రోజుకో వచనంతో సరిపెట్టుకోకండి, ఆ వచనం ఉన్న అధ్యాయం కూడా తీయండి.

మన దేశపు సాక్షుల్ని కూడా మరిచిపోకండి. సాధు సుందర్ సింగ్ పుస్తకాలు పలచనివి, ఉపమానాలతో నిండినవి, పిల్లలకి కూడా చదివి వినిపించవచ్చు. సిక్కు కుటుంబంలో పుట్టి, హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా పరిచర్య చేసి 2000లో ప్రభువు దగ్గరికి వెళ్లిన బక్త్ సింగ్‌గారి ప్రసంగాలు చిన్న పుస్తకాలుగా ఉన్నాయి, ఆయన ప్రతి పేజీలో మిమ్మల్ని బైబిలు తీయమంటారు. అనువాదాలు కొనేటప్పుడు మాత్రం బల్ల దగ్గరే నిలబడి రెండు పేజీలు పెదవులు కదుపుతూ చదవండి. నాలుక తడబడితే అది తెలుగులోకి ఇంకా రాలేదని అర్థం, వేరే ప్రతి చూసుకోండి.

బీరువాలో మిగిలినవాటిని అట్టపెట్టెలో సర్ది మంచం కిందికి నెట్టండి. రెండేళ్ల తర్వాత తెరిచి, అప్పటికి అవసరం లేదనిపించినవాటిని, పాస్టరుగారు చూసి సరేనన్నవాటిని, సంఘంలో యవనస్థులకి ఇచ్చేయండి. ఈ రెండేళ్లలో మీటింగులకి వెళ్లినప్పుడు పుస్తకాల బల్ల దగ్గర మనసు లాగుతుంది. లాగనివ్వండి, పర్సు తీయకండి.

ఈ రాత్రి చేయాల్సిన పని ఒకటుంది. మీ అత్తగారు ఎన్నో ఏళ్లుగా ఆ పుస్తకం చదువుతున్నారు కాబట్టి అందులో ఏదో ఒక పేజీ దగ్గర కాగితం ముక్కో, పాత క్యాలెండరు తేదీ చీటీయో, ఎండిపోయిన ఆకో పెట్టుకునే ఉంటారు. "అత్తయ్యా, ఇక్కడెందుకు పెట్టుకున్నారు?" అని అడగండి. ఆవిడ చెప్పేది పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి. ఏ పేజీయో, ఆవిడ ఏమన్నారో నాకు రాస్తే సంతోషిస్తాను.